ఎలుగు ఆట వెనుక కథ

చాలాకాలం కిందట గ్రీకు దేశంలో, సముద్రానికి దగ్గరగా నల్లకోన అనే అడవి ఉండేది. అందులో కుందేళ్ళు, జింకలు, ఒక ముసలి తాబేలు, ఒక పెద్ద ఎలుగుబంటి ఉండేవి. ఎలుగుబంటి పేరు బొచ్చన్న. దాని ఒంట్లో బలం ఎంతో, నోట్లో గొప్పలు అంతకు రెండింతలు.

అడవి అంచున వేటదేవత ఆర్టెమిస్ గుడి ఉంది. వసంతకాలంలో అక్కడ కొన్ని రోజులపాటు పండుగ జరిగేది. పూజారిణి దేవతకు తేనె రొట్టెలు నైవేద్యం పెట్టేది. చిన్నచిన్న ఆడపిల్లలు పసుపుపచ్చ బట్టలు కట్టుకుని, చేతులు పంజాల్లా చాచి, ఎలుగుల్లా ఊగుతూ ఆడేవారు.

ఒక ఏడు బొచ్చన్న పొదలచాటు నుంచి ఆ ఆట చూసింది. ఇక దాని కాళ్ళు నేల మీద ఆనలేదు. మనుషులు తనను కొలుస్తున్నారని అడవంతా చాటింది. మర్నాడు గుడి మెట్లెక్కి ఆ రొట్టెలు స్వయంగా అందుకుంటానంది. జింకలూ కుందేళ్ళూ ఔనౌనన్నాయి. పెద్ద ప్రాణితో వాదం ఎందుకని వాటి భయం.

తాబేలు ఉండే పొద అడవిలోనే, గుడి గోడకు బాగా దగ్గరగా ఉంది. పూజారిణి పిల్లలకు చెప్పే కథ ఏటా వింటుంది. అందుకే అదొక్కటే అడ్డు చెప్పింది.

"అది నీకు పూజ కాదు నాయనా, వాళ్ళు చేసుకునే ప్రాయశ్చిత్తం. పూర్వం ఒక ఎలుగు ఈ గుడికి మచ్చికైంది. ఒక పిల్ల దాన్ని విసిగిస్తే అది రక్కింది. పిల్ల అన్నలు దాన్ని పొడిచి చంపారు. దేవతకు కోపం వచ్చి ఊళ్ళో రోగాలు పుట్టాయి. నా ఎలుగును చంపారు గనక మీ పిల్లలే నాకు ఎలుగులై ఆడాలి అంది. ఈ ఆట అలా మొదలైంది."

"కథ ఏదైతేనేం అవ్వా, ఆడేది నా ఆటే కదా," అని బొచ్చన్న నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు అది దర్జాగా గుడి మెట్లెక్కింది. పిల్లలు కెవ్వుమని చెల్లాచెదురయ్యారు. తండ్రులు ఈటెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఒక పిల్ల తడబడి సరిగ్గా బొచ్చన్న ముందే పడింది. భయంతో చేతిలోని బుట్ట తీసి దాని ముక్కు మీద కొట్టింది.

బొచ్చన్నకు ఒళ్ళు మండింది. పంజా పైకి లేచింది. అంతలో, రక్కిన ఎలుగు ఏమైందో గుర్తొచ్చింది. వెంటనే పంజాలు రెండూ పొట్ట కింద దాచుకుని నేలకు కరుచుకుంది. ఒక ఈటె దాని చెవిని చీల్చుకుంటూ పోయింది. అయినా అది కదల్లేదు. పిల్ల లేచి తండ్రి దగ్గరికి పరుగెత్తింది.

అప్పుడు ముసలి పూజారిణి ఈటెలకు అడ్డంగా నిలబడింది.

"దించండి. ఒక ఎలుగును చంపిన పాపానికి మన పిల్లలు తరతరాలుగా ఆడుతున్నారు. దీన్నీ చంపి, వాళ్ళ మెడకు ఇంకేం చుడతారు?" అంది.

తండ్రులు వెనక్కి తగ్గారు. ఈటెలు మెల్లగా దిగాయి.

బతుకుజీవుడా అనుకుంటూ బొచ్చన్న అడవిలోకి పరుగు తీసింది. రొట్టె ముక్క కూడా దక్కలేదు. తాబేలు ముందు కూలబడి చాలాసేపు ఒగర్చింది. తాబేలు ఒక్క మాటా దెప్పలేదు. ఆకు నమిలి దాని చెవికి పసరు పెట్టింది. బొచ్చన్న ఏడ్చేసింది. ప్రాణం మిగిలిందన్న సంతోషం మరి.

అప్పటినుంచి బొచ్చన్న ఏటా తొలి అత్తిపళ్ళు తెచ్చి తాబేలు ముందు పెట్టేది. ఎందుకని పిల్ల జంతువులు అడిగితే, చిరిగిన చెవి చూపించి, తన తెలివితక్కువతనం దాచకుండా, కథంతా చెప్పేది.

నీతి: ఆచారాన్ని చూసి మురిసిపోయే ముందు, అది ఎందుకు పుట్టిందో చెప్పే కథను పూర్తిగా వినాలి.