పూతరేకులు మడిచే వేళ్ళు

చర్మవ్యాధుల డాక్టరు కామేశ్వరి గారిని సూటిగా ప్రశ్న అడిగి, సూటిగా జవాబొస్తుందని ఎదురుచూసేవాడు ఆవిడ దగ్గర కొత్తగా చేరినవాడని గుర్తు. మా ఫణీంద్ర అలాంటివాడే. చదువులో చురుకు, మాటలో ఇంకా చురుకు. ఒకరోజు అడగనే అడిగాడు.

"మేడమ్, సొరియాసిస్ చర్మానికొచ్చే జబ్బు. వచ్చిన ప్రతివాళ్ళనీ మోకాళ్ళు నొప్పా, వేళ్ళు బిగుస్తున్నాయా అని అడగమంటారు. ఎముకల డాక్టర్లు పక్క వరండాలోనే ఉన్నారు కదా, మనకెందుకండీ ఆ గొడవ?"

ఆవిడ నవ్వారు. "ఇవాళ నీ బుల్లెమ్మ వస్తుందిగా, రానీ" అన్నారు.

బుల్లెమ్మ కోనసీమలో పూతరేకులు చేసి అమ్ముకునే మనిషి. చేతులనిండా సొరియాసిస్ పొలుసులు లేచాయి. అది అంటుకునే జబ్బు కాదని ఎవరు చెప్పినా జనం వినరు కదా, ఆమె చేతి రేకు కొనేవాళ్ళు కరువయ్యారు. ఇక రేకులు తీసే కుండ మూల పెట్టేద్దామనుకుంటూ ఆస్పత్రికొచ్చింది. ఫణీంద్ర పట్టుబట్టి వైద్యం చేశాడు. చేతులు నున్నబడ్డాయి. ఇల్లలకగానే పండగ కాదంటారు గానీ, ఆ రోజు మావాడి ముఖంలో పండగే కనిపించింది.

ఆమె వాడికోసం పూతరేకుల పొట్లం తెచ్చింది. విప్పితే సగానికి సగం మడతల దగ్గర చిట్లి, బెల్లం పొడి బయటికొచ్చేసింది. "బస్సులో నలిగుంటాయిలే" అంటూ ఫణీంద్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు.

కామేశ్వరి గారు బుల్లెమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు. ఒక్కొక్క వేలూ కణుపు కణుపునా నొక్కి, మెల్లగా వంచి చూశారు. చూపుడు వేలి దగ్గరకొచ్చేసరికి బుల్లెమ్మ పళ్ళు బిగబట్టింది.

"ఎప్పట్నించమ్మా?"

"చాన్నాళ్ళయిందండి. పొద్దున్నే వేళ్ళు కొయ్యల్లాగుంటాయి, మడత పడదు. పొద్దెక్కితే సర్దుకుంటాయండి. కుండ సెగకేమో అనుకున్నాను. చర్మం డాక్టరుగారికి కీళ్ళ గోల ఎందుకులే అని చెప్పలేదు." ఆమె గొంతు తగ్గించింది. "రేకు మడవలేకపోతే నేనింకేం చేసుకు బతకనండీ?"

"మడుస్తావు. నీ చర్మం మీదున్న జబ్బే కీళ్ళలోకి దిగింది, అంతే. వేళ మించకముందే దొరికింది" అన్నారు మేడమ్.

ఎక్స్‌రేలో ఆ వేలి చివరి కణుపు దగ్గర ఎముక అంచు కాస్త తినేసినట్టు కనిపించింది. ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేసి ఉంటే వేలు వంకరపోయేది, మళ్ళీ తిన్నబడేది కాదు. కీళ్ళ డాక్టరు వచ్చి చూశాడు, మందులు మారాయి. బుల్లెమ్మ ధైర్యంగానే ఊరికి బయల్దేరింది.

ఫణీంద్రకి మాత్రం నోట్లో తీపి చేదైంది. "మేడమ్, వచ్చినప్పుడల్లా ఆ చేతులు శ్రద్ధగా చూశాను. ఫొటోలు కూడా తీశాను. ఆమె ఒక్క మాట చెప్పుంటే..."

"చూశావు నాయనా, కాదనను" అన్నారావిడ, తర్వాతి మనిషిని లోపలికి పంపమని సైగ చేస్తూ. "ఎప్పుడైనా పట్టుకున్నావా?"