ఏఈ గారి టీవీకి కట్టిన చీటీ

హైవోల్టేజీ వచ్చి మెట్టపేటలో ఫ్యాన్లు, టీవీలు, ఫ్రిజ్జులు అన్నీ కాలిపోయాయి. బాగుచేయించమని జనం కరెంటాఫీసుకు వెళ్తే, ఏఈ పరాంకుశంగారు కసిరారు.

"హైవోల్టేజీ లేదు, పాడూ లేదు. మీవన్నీ డొక్కు సామాన్లు!"

వాళ్లతో వెళ్లిన మెకానిక్ నూకరాజు తన రిపేరు కొట్టుకు వచ్చేశాడు. వస్తువు ఎలా పాడైందో సొంతదారు చీటీ రాసి కడితేగానీ స్క్రూ విప్పని మనిషతను.

మర్నాడు ఏఈగారే తన కొత్త టీవీ మోయించుకొచ్చారు.

"ఎలా పోయిందో రాయండి బాబూ. కారణం తప్పు రాస్తే రిపేరూ తప్పుతుంది," అన్నాడు నూకరాజు.

టీవీ మీద బెంగతో ఆయన గబగబా రాశారు: 'నిన్నటి హైవోల్టేజీకి కాలిపోయింది.' కింద సంతకం.

సాయంత్రం పేటంతా మళ్లీ ఆఫీసుకెళ్లింది. నూకరాజు చీటీ పైకెత్తి చూపించాడు.

"తమరి టీవీ కూడా డొక్కుదే అనండి బాబూ, ఇప్పుడే చింపేస్తాను."

ఏఈగారు రిపేరు ఖర్చుల కాగితం మీద సంతకం పెట్టారు. వారం తిరక్కుండా ఆఫీసు ఖర్చుతోనే పేటలో ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి.