కాడి కాయ తీయించుకున్న ఎద్దు

సరుగుడు మొక్కకు ఎద్దుతో పనిలేదు. ఒకసారి నాటితే నాలుగేళ్లు దాని మానాన అది పెరుగుతుంది. అందుకే మా రైతు పరదేశి నాయుడు చెరకు తీసేసి సరుగుడు వేస్తున్నాడని తెలిసిన రోజున మా పాకలో ఎవరూ సరిగా నెమరు వెయ్యలేదు. ఎవరూ అంటే ఇద్దరం. నేను కర్రెన్నను, పద్నాలుగేళ్లు. నా జోడు పుల్లన్న, పన్నెండేళ్లు.

"ఆఖరి చెరకు బండి గానుగ దగ్గర దిగాక, ఆపై వచ్చే మంగళవారం ఇద్దరినీ సంతకు తోలేస్తాను" అని నాయుడు భార్యతో చెబుతుంటే మేము కుడితి తాగుతున్నాం.

సంత సంగతి మాకు తెలుసు. పొద్దుగూకేలోగా రైతెవరైనా కొంటే బతికినట్టు. కొనకపోతే దక్షిణం గేటు దగ్గర లారీ నిలబడి ఉంటుంది. ఆ లారీ ఎక్కినవాళ్లెవరూ ఎలా ఉందో చెప్పడానికి తిరిగి రాలేదు.

"ఇంకా పన్నెండు రోజులుంది" అన్నాడు పుల్లన్న.

"పన్నెండు రోజుల్లో వయసు తగ్గుతుందా?"

"తగ్గదు. పన్నెండు రోజుల మేత ఉంటుంది."

వాడిది అలాంటి బుర్ర. నాది కాదు. నేను తొట్టి నీళ్లలో నా మొహం చూసుకున్నాను. పద్నాలుగేళ్లలో అదే మొదటిసారి. దాహం వేసి వంగినవాణ్ణి, దాహం సంగతి మర్చిపోయాను. కళ్ల చుట్టూ తెల్లవెంట్రుకలు. కళ్లపైన రెండు గుంటలు, ఒక్కోదాంట్లో నిమ్మకాయ పడుతుంది. కొమ్ముల మొదట్లో వరసగా గీతలు, ఎవరో లెక్క తప్పకూడదని గీసినట్టు. ఇక మెడ మీద కాడి రాసుకుని రాసుకుని కాచిన కాయ, తాటిటెంకంత ఉంది.

ఆ వారం నేను తొట్టి దగ్గరే నిలబడుతుంటే ఎండ దెబ్బేమోనని నాయుడు కంగారుపడ్డాడు.

చెరకుతోట చివర మొగలి పొద వెనక నక్కమ్మ సింగారశాల నడిపేది. ఆమె కింద ఇద్దరు పనివాళ్లు. కొరికే పనులకు పందికొక్కు, కుట్టే పనులకు కందిరీగ. మూడో రోజు మధ్యాహ్నం మేతకు విప్పినప్పుడు, అటువైపు గడ్డి బాగుందని నాకు నేనే చెప్పుకుంటూ వెళ్లాను. అటువైపు గడ్డే లేదు.

"రా తమ్ముడూ, రా" అంది నక్కమ్మ.

తమ్ముడట! ఆమెకు ఆరేళ్లుంటాయేమో. అయినా ఆ మాటకు నా చెవులు రెండూ నిక్కపొడుచుకున్నాయి.

"నాకు పద్నాలుగేళ్లక్కా."

"అలా అనకు. ఎవరైనా వింటే నిజమనుకుంటారు. సరే, నీకేం కావాలో చెప్పు."

"లారీ ఎక్కకుండా ఉండాలి."

"అంటే పడుచుగా కనబడాలి."

ఈ రెండూ ఒకటి కాదని నాకు తట్టలేదు. ఆమెకు తట్టే ఉంటుంది. చెప్పలేదు.

నక్కమ్మ నా చుట్టూ మూడుసార్లు తిరిగింది. ప్రతి చుట్టుకూ నాలో ఒక కొత్త లోపం బయటపడింది. మొదటి చుట్టులో తెల్లవెంట్రుకలు, రెండో చుట్టులో కంటిగుంటలు, మూడో చుట్టులో కొమ్ములు, మెడ. నాలుగో చుట్టు తిరక్కుండా నేనే ఆపాను.

"తెలుపు సంగతి గుంటగలగరాకు పసరు చూసుకుంటుంది. కొమ్ముల మీద గీతలు మా పందికొక్కు కొరికేస్తాడు. గుంటలకు కందిరీగ ఉంది. ఒక్కో గుంటలో ఒక్క పోటు. నిండుగా పొంగుతుంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"మూడు రోజులు. సంత పొద్దున వేయించుకో, సాయంత్రానికి అమ్ముడుపోతావు. తర్వాత గుంట పడితే పడనీ, అది కొన్నవాడి గుంట."

"నొప్పి ఉంటుందా?"

"నొప్పి అనకు. చిమచిమ అను."

కందిరీగ కొమ్మ మీంచి గంభీరంగా చెప్పింది. "కుట్టేటప్పుడు కదలకు. కదిలితే కన్ను."

"ఇక పళ్లు" అంది నక్కమ్మ. "పళ్లకు ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఎవడైనా నోరు తెరిచి చూడబోతే తల విసిరెయ్. పొగరనుకుంటాడు. పొగరుంటే పడుచుదనం ఉన్నట్టే. అన్నిటికన్నా ముఖ్యం ఆ మెడ మీద కాయ. అది ఉన్నంతకాలం ఎంత ముస్తాబు చేసినా నువ్వు పాత ఎద్దువే. ఆఖరి బండి దిగాక రా. ఆముదపాకు కట్టి మెత్తబరిచి, పొరలు పొరలుగా తీయిస్తాను."

"ఇంతకు ముందు ఎవరికైనా చేశారా?"

"ఆ తెల్లమేకను చూశావా? మేమే గడ్డం తీశాం. అచ్చం జింకలా లేదూ?"

ఇంతకీ ఆమె అడిగిందేమిటంటే, ప్రతి బండికీ కాలవ తూము మీద ఒక కుదుపు కుదిపి మూడు గడలు రాలగొట్టడం. నక్కకు చెరకంటే ప్రాణం. నేను ఒప్పుకున్నాను. బండి నాది కాదు, చెరకు నాది కాదు, తూమూ నాది కాదు. ఇంత చవకైన వైద్యం ఎక్కడా ఉండదనుకున్నాను.

ఒకే కాడి కింద ఉన్నవాడి దగ్గర రహస్యం దాగదు. రెండో రోజే పుల్లన్న అడిగాడు.

"తూము దగ్గర నీకు రోజూ ఏమవుతోందన్నా?"

చెప్పేశాను. వాడు గడ్డి నమలడం ఆపి విన్నాడు. అది వాడు ఎవరికీ చెయ్యని మర్యాద.

"ఆ మేక సంగతి పూర్తిగా విన్నావా?" అన్నాడు. "గడ్డం తీశాక దాని పిల్ల దాన్ని గుర్తుపట్టక వారం రోజులు వేరే మేకల వెంట పడింది."

"పిల్లలకేం తెలుస్తుంది అందం?"

"పిల్లకు కావలసింది పాలు కదా. సర్లే, వెంట్రుకలకు రంగు వేయించుకో, కొమ్ములు కొరికించుకో. ఆ కాయ మాత్రం ముట్టుకోనివ్వకు. అది పదేళ్ల కాడి."

"అదుంటే ఎద్దునని తెలిసిపోతుంది."

"నువ్వు ఎద్దువే కదన్నా."

"ఊరందరికీ చెప్పాలా?"

వాడు మళ్లీ నమలడం మొదలుపెట్టాడు.

"నువ్వూ రారాదూ" అన్నాను. "నీ మొహం చూసుకున్నావా ఎప్పుడైనా?"

"నా మొహం నాకు కనబడదు. రోజూ చూసేవాడివి నువ్వే. నీకేమైనా ఇబ్బందిగా ఉందా?"

నేను తొట్టి వైపు తిరిగాను.

అన్నీ అనుకున్నట్టే జరిగాయి. పసరు పట్టింది. కొమ్ముల మీద గీతలు పోయి నున్నగా తేలాయి. కాయ తీసిన చోట మెడ పసిదూడ మెడలా గులాబిరంగులోకి వచ్చి, ఈగ వాలినా ఉలిక్కిపడేటంత మెత్తగా తయారైంది. పైన పసరు పూస్తే అదీ కనబడలేదు. సంత పొద్దున కందిరీగ రెండు పోట్లు పొడిచింది. రెండోసారి నేను కదిలాను. కన్నయితే పోలేదు గానీ, ఎడమవైపు పొంగు కుడివైపు కన్నా ఎక్కువై ఎడమ కన్ను సగం మూసుకుపోయింది.

"బాగుంది" అంది నక్కమ్మ. "కన్ను కొడుతున్నట్టు ఉన్నావు."

నాయుడు నన్ను ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూశాడు. కలిసొచ్చినప్పుడు కారణం అడగడం మంచిది కాదనుకున్నట్టున్నాడు, పలుపు విప్పాడు.

సంతలో మమ్మల్ని వేపచెట్టు కింద పక్కపక్కనే కట్టేశాడు. జనం నా దగ్గర ఆగారు. పుల్లన్న దగ్గర ఆగలేదు. గంటలో ఏడుగురు నన్ను చూశారు. ఏడుగురూ నా నోరు తెరవబోయారు. ఏడుసార్లూ తల విసిరాను. ఏడుగురూ వెళ్లిపోయారు. నేను మాత్రం అసూయతో వెళ్లారనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక బంగారయ్య అనే రైతు వచ్చాడు. పక్క మండలం మనిషి. ఒక చేతిలో పలుపు, ఆ పలుపు చివర రెండున్నరేళ్ల గిత్త. ఆ గిత్త బంగారయ్యను నడిపిస్తోందో, బంగారయ్య దాన్ని నడిపిస్తున్నాడో చెప్పడం కష్టం. ఆయన మోచెయ్యి గీరుకుపోయి ఉంది. తలపాగా ఎక్కడో పడిపోయింది.

"రండి, రండి" అన్నాడు నాయుడు నా వీపు చరుస్తూ. "నాలుగేళ్ల గిత్త. నిప్పు అనుకోండి."

"నిప్పు నా దగ్గర ఒకటుంది" అన్నాడు బంగారయ్య. "దీన్ని కాడికి అలవాటు చెయ్యాలి. ముసలి ఎద్దు కావాలి నాకు. నిదానంగా, అనుభవంగా, పక్కవాడు గంతులేసినా గీత తప్పనిది. ఎంత ముసలిదైతే అంత మంచిది."

నా వీపు మీద నాయుడి చెయ్యి ఆగిపోయింది.

"ముసలిదా? అయితే ఇదేనండీ. దీనికి పద్నాలుగేళ్లు."

"ఇప్పుడే కదయ్యా నాలుగన్నావు?"

"పద్నాలుగండీ. పది మింగేశాను, అంతే."

బంగారయ్య నవ్వాడు. అయినా పద్ధతైన మనిషి, చెయ్యి చాపి నా మెడ మీద వేసి తడిమాడు. కొనేవాడెవడైనా అనుభవం ఉన్న ఎద్దును అలాగే తెలుసుకుంటాడు. కళ్లు చూడడు, కొమ్ములు చూడడు. వేళ్లతో కాయ వెతుకుతాడు. ఆయన వేళ్లు నా మెత్తటి మెడ మీద ఇటూ అటూ తిరిగాయి. వాటికి ఏమీ దొరకలేదు. నాకు మంట పుట్టి ఎగిరి గంతేశాను.

"కాడి ఎరగని మెడ" అన్నాడు చెయ్యి తుడుచుకుంటూ. చేతికి పసరంటింది. అది పేడ అనుకున్నాడు.

"నేనే ముసలివాణ్ణి!" అని అరిచాను. "పద్నాలుగేళ్లు! పదేళ్లు లాగాను! నన్ను నమ్మండి!"

మనుషులకు మా మాట రంకెలాగే వినిపిస్తుంది.

"చూశావా పొగరు" అన్నాడు బంగారయ్య. తర్వాత పక్కకు తిరిగి పుల్లన్న మెడ మీద చెయ్యి వేశాడు. ఒక్క క్షణమే పట్టింది. ఆ కాయ అరచేతిలో కుదురుగా అమరింది. "ఇదీ ఎద్దంటే" అన్నాడు.

పుల్లన్న పలుపు విప్పారు. పొద్దు వేపచెట్టు వెనక్కి దిగింది. దక్షిణం గేటు దగ్గర లారీవాడు వెనక తలుపు దించి, సంతంతా ఒకసారి కలయజూసి, చూపు నా మీద నిలిపాడు. నా ఎడమ కన్ను ఇంకా కొడుతూనే ఉంది. వాడు అపార్థం చేసుకుని ఉండాలి, చెయ్యి ఊపాడు.

అప్పుడు పుల్లన్న నాలుగడుగులు నడిచి కూర్చున్నాడు.

బంగారయ్య అదిలించాడు. తోక మెలిపెట్టాడు. పుల్లన్న కదల్లేదు. గిత్తకు విసుగొచ్చి బంగారయ్యను ఇంకోవైపు లాగింది.

"లేవరా" అన్నాను నేను. "నీ పని అయింది, వెళ్లు. నామీద ప్రేమతో నువ్వు..."

"ప్రేమా పాడా" అన్నాడు పుల్లన్న. "పదేళ్లుగా నా ఎడమ వైపు ఈగలు నీ తోకే తోలుతోంది. ఆ వైపు నా తోక అందదు. కొత్తవాడికి ఎవరు నేర్పుతారు?"

నాయుడు తెలివైనవాడు. "జోడు వదిలి కదలదండీ అది" అన్నాడు. "లారీవాడు ఇచ్చేదే మీరివ్వండి, రెండోదాన్నీ తోలుకుపోండి."

బంగారయ్య నన్ను చూశాడు, గిత్తను చూశాడు, తన మోచెయ్యి చూసుకున్నాడు. "ఒక గిత్తకు పెట్టే గురువును ఇద్దరికి పెడతాను" అని నిట్టూర్చాడు.

అలా పద్నాలుగో ఏట నాకు చదువు మొదలైంది.

మర్నాడు పొద్దున నాకొక మొద్దు కట్టి లాగించారు. పక్కన గిత్త.

"ఒరేయ్, నీకూ మొదటి రోజేనా?" అంది గిత్త.

నేను నోరు తెరిచేలోగా పుల్లన్నే చెప్పాడు. "అవును బాబూ, కొత్తవాడే. బుద్ధిమంతుడు. తొందరగా పట్టుకుంటాడు."

పట్టుకున్నాను మరి. వారంలో కుడి, ఎడమ, మలుపు, గట్టు అన్నీ వచ్చేశాయి. ఇంత చురుకైన గిత్తను తానెప్పుడూ చూడలేదని బంగారయ్య చుట్టుపక్కల రైతులను పిలిచి చూపించాడు. పదేళ్ల నా పనిని ఎవరూ ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. వారం రోజుల పనికి మాత్రం కొమ్ములకు పసుపు రాశారు. పడుచువాణ్ణి కదా, బురదలో దమ్ము దున్నడం నాది. అనుభవమున్నవాడు కదా, కానుగ నీడ పుల్లన్నది. కాడి ఆనిన చోటల్లా నా మెడ చిట్లింది, ఆరింది, మళ్లీ చిట్లింది. సాయంత్రాలు నేను పుల్లన్న ఎడమ పక్కన నిలబడి తోకతో ఈగలు తోలాను. ఎవరూ చెప్పకుండానే.

పొంగు మూడు రోజుల్లో దిగింది. రంగు వానకు కారింది. అయినా బంగారయ్య నా మొహం చూస్తేగా, ఆయనకు ఎద్దంటే మెడే. అయిదో నెల ఒక సాయంత్రం బంగారయ్య నా మెడ మీద చెయ్యి వేసి ఆగాడు. "ఓహో, వీడికీ కాయ కాస్తోందే" అన్నాడు. ఆయన చేతి కింద గట్టిగా, పెసరగింజంత ఏదో తగిలింది. పద్నాలుగేళ్లలో నాకు అంత గర్వంగా ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడే చేను గట్టు మీద నక్కమ్మ కనబడింది. ఇక్కడ కూడా చెరకుంది కదా.

"తమ్ముడూ! ఎంత పొరపాటు జరిగింది, కాయ మళ్లీ వస్తోందే. పరవాలేదు, రెండోసారికి గడలు తగ్గించి చేస్తాను."

పుల్లన్న నా మొహంలోకి చూశాడు. నేను నక్కమ్మను తరిమేశాను. తరిమేశాననే చెబుతాను. కానీ తరమబోయే ముందు, కళ్లపైన గుంటల మాటేమిటని ఒక్కసారి అడిగిన సంగతి పుల్లన్న ఇప్పటికీ అందరికీ చెబుతూనే ఉన్నాడు.

నీతి: నువ్వు ఎందుకు పనికొస్తావో తెలుసుకోకముందే నీలోంచి ఏదీ తీయించుకోకు.