విరుపుకొండ ఒరుగులమ్మ వారు చెవి ఒగ్గిన వైనం

విరుపుకొండ గుహలో వెలసిన ఒరుగులమ్మ వారిని దర్శించాలంటే ఈనాటికీ నాలుగు రోజులు అడవిలో నడవాలి. అమ్మవారు తల కాస్త ముందుకు వంచి, కుడిచేతిని చెవి వెనుక ఆనించి కూర్చుంటారు. కొత్తగా వచ్చిన భక్తులు అమ్మవారికి వినికిడి తక్కువని భ్రమపడి గొంతు చించుకుని మొక్కులు చెప్పుకుంటున్నారు. దయచేసి అరవకండి. అమ్మవారు వినేది వేరే చప్పుడు.

పూర్వం ఈ కొండ దిగువ పల్లెలో తిరుపాలమ్మ అనే రైతు ఇల్లాలు ఉండేది. పసితనంలో ఇద్దరు కొడుకులూ జ్వరాన పడి దక్కరేమో అనిపించినప్పుడు, తోటలో తొలికాపు వంకాయలు కొండకు తెచ్చి సమర్పిస్తానని మొక్కుకుంది. బిడ్డలు బతికారు గాని మొక్కు తీరలేదు. అప్పట్లో ఆరు రోజుల నడక. ఏటా నాలుగోనాటికే మూటలోని కాయలు నలిగి కుళ్లిపోయేవి, ఆమె ఏడ్చుకుంటూ వెనుదిరిగేది. ఇరవై ఏళ్లలో కొడుకులకు పెళ్లిళ్లయ్యాయి, ఆమెకు పళ్లూడాయి. ఇప్పుడు మోకాళ్లు కూడా మొండికేశాయి. ఈ ఏడు ఎక్కలేకపోతే ఇక ఎన్నటికీ ఎక్కలేనని ఆమెకు దిగులు పట్టుకుంది.

అప్పుడు అమ్మవారు కలలో కనిపించి, "పచ్చివి నిలవకపోతే ఎండబెట్టి ఒరుగులు చేసి తీసుకురా. విరిస్తే టప్పుమని నాకు వినిపించాలి" అని ఆనతిచ్చారు.

కల సంగతి వినగానే కోడళ్లిద్దరూ కొంగు బిగించారు. పెద్దకోడలు లచ్చుమక్కది మెట్టపల్లె, చిన్నకోడలు ఈదమ్మది అడవి అంచు ఊరు.

"మా పుట్టింట్లో మూడెండలు తగిలితే రాయి కూడా ఒరుగవుద్దే!" అంది పెద్దది.

"మబ్బు పడితే ఏం చేస్తావక్కా? మా ఇంట్లో పొయ్యుంది, పొగుంది" అంది చిన్నది.

లచ్చుమక్క మిద్దెనంతా ఆక్రమించింది. తన చేయి పెద్దదని చాటుకోవడానికి కాయను నాలుగే చెక్కలు చేసి, మూడోనాటి సాయంత్రం వేడి చల్లారకముందే కుండకెత్తి మూతి బిగించింది. ఈదమ్మ పొయ్యికి జానెడెత్తున తడిక కట్టి, దాని మీద ముక్కలు పరిచి, త్వరగా కావాలని మంట ఎగదోసింది. తిరుపాలమ్మకు మిద్దె మీదా చోటు లేదు, పొయ్యి దగ్గరా చోటు లేదు. మిగిలిన కాయలను, నమలలేనివారి అలవాటు కొద్దీ, తమలపాకంత పలుచగా తరిగి ఉప్పునీట ముంచింది. చేటలో పరిచి, గాలి వీచే అరుగు నీడన పెట్టి పూటపూటా తిరగేసింది. అది చూసి కోడళ్లిద్దరూ జీవితంలో మొదటిసారి కలిసి నవ్వారు.

ముగ్గురూ ఆరోనాటికి గుహ చేరారు. లచ్చుమక్క కుండ మూత తీసేసరికి లోపల బూజు తెల్లగా పరుచుకుని ఉంది. ఈదమ్మ ముక్క పైకి చెక్కలా బిగిసినా విరవబోతే వంగింది, నడుమ నుంచి పచ్చి నీరు కారింది. తిరుపాలమ్మ తన ఒరుగు తీసి విరిచింది. అది టప్పుమంది. ఆ చప్పుడుకు అమ్మవారి రాతిచేయి లేచి చెవి వెనుకకు చేరింది. ఇరవై ఏళ్ల మొక్కు తీరిన ఆ తల్లి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

తీరా ప్రసాదం నమలడానికి ఆమెకు పళ్లు లేవు. కోడళ్లు ఎసరు కాచి ఒరుగులు నానబెట్టి, మెత్తబడ్డాక తొలిముద్ద అత్తకే పెట్టారు.

"ఈ నీడన ఎండబెట్టే ఉపాయం నీకెలా తోచిందత్తా?" అని అడిగింది లచ్చుమక్క.

"మీరు ఎండలో చోటిస్తేగా!" అంది తిరుపాలమ్మ.

నాటి నుండి చుట్టుపక్కల పల్లెల్లో ఒరుగుల కాలం వస్తే అరుగు మీది నీడ అత్తగారికి వదిలేస్తారు. ఎండకో, పొగకో, గాలికో, ఎలా ఎండినా అమ్మవారికి సమ్మతమే గాని, సన్నిధిలో ఒరుగు విరిగి తీరాలి. ఒరుగు విరగక వంగినవారు సిగ్గుపడనక్కరలేదు. గుహ వెనుక గాలిబండ ఉంది, అక్కడ పరిచి కాచుకోవచ్చు. కొందరికి రెండు రోజులు కూడా పడుతుంది. ఆ రెండు రోజులూ అమ్మవారు చెవి దగ్గరి చేయి దించకుండా మీ కోసమే వేచి ఉంటారు.