కప్ప పడిన చప్పుడు

పెంచలయ్య మాస్టారు గాలం విసిరిన ప్రతిసారీ దారం చిక్కుపడుతోంది. నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి నాలుగు రోజులైంది.

గాలపు రాడ్‌కు మామూలు రీలైతే ఈ బాధ లేదు. మాస్టారు కొన్నది బెయిట్‌కాస్టింగ్ రీలు. గాలం విసిరినప్పుడు ఎర ముందుకు లాగుతుంటే, ఇందులో చక్రం గిర్రున తిరుగుతూ దారం వదులుతుంది. ఆ చక్రం మీద బొటనవేలు ఆనించి అదుపు చేసుకోవాలి. అదుపు తప్పిందా, రీలు నిండా కొబ్బరిపీచే.

ముప్పై రెండేళ్ళు ఫిజిక్సు చెప్పిన మనిషికి ఇదంతా తెలియక కాదు. రీలుతో వచ్చిన కాగితాన్ని ఆయన రెండుసార్లు చదివి, అందులో ఒక తప్పు కూడా పట్టాడు.

అసలాయనకు చేపల మీద మోజు లేదు. మోజంతా తమ్ముడు చెంగయ్యది. ఆరేళ్ళ కిందట తండ్రి తద్దినం నాడు, పంక్తిలో అందరి ముందూ చెంగయ్య, "నువ్వు ఇంట్లో గూడా అయ్యోరివేగానీ అన్నవి కాదు" అన్నాడు. సాయంత్రం తనే వచ్చి, "తప్పయింది అన్నా" అన్నాడు కూడా. మాస్టారు ఆ తప్పు ఎలాంటిదో విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. మూడో కారణం దగ్గరకు వచ్చేసరికి చెంగయ్య చెప్పులు తొడుక్కుంటున్నాడు. మళ్ళీ గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆదివారం కొరమీనుల కోసం ఆత్మకూరు దగ్గరి చెరువుకు వస్తున్నాడట. చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. "నువ్వూ పోయి పక్కన కూర్చో అన్నా, ఏదో ఒకటి మాట్లాడుకుంటారు" అంది. చెంగయ్య వాడేది ఈ రకం రీలే. అందుకని మాస్టారు అదే కొన్నాడు. తమ్ముడంటే ఆయనకు ప్రాణం. ఆ మాట తమ్ముడితో ఒక్కసారీ అనలేదంతే.

నేర్పేది కరీముల్లా సాయిబు. ఊళ్ళో సైకిల్ షాపు నడుపుతాడు. ఆ చెరువు మీద ఆయనలా విసిరేవాడు ఇంకొకడు లేడు. మాట్లాడటం మాత్రం బహు తక్కువ.

"సాయిబూ, రీలు బ్రేకు ఎనిమిదిలో పెట్టాను. గాలి లేదు. వేలు ఆనించే ఉంచాను. మరి ఎందుకు చిక్కుపడుతోంది?" అని అడిగాడు మాస్టారు.

సాయిబు దగ్గరకు వచ్చాడు. రాడ్ అందుకుని, చక్రం మీద బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి, పిడి రెండు చుట్లు తిప్పాడు. తర్వాత దారం లాగాడు. ముడి అనుకున్నదంతా జారి వచ్చేసింది. దారాన్ని మళ్ళీ చుట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి కళ్ళకు కట్టుకుని, గాలం విసిరాడు.

ఎరగా కట్టిన రబ్బరు కప్ప ఎక్కడో తామరాకుల అవతల తప్పుమని పడింది. ఆ చప్పుడుతో పాటే సాయిబు వేలు చక్రాన్ని ఆపేసింది. తువ్వాలు విప్పి రీలు చూపించాడు. ఒక్క మెలిక లేదు.

"చూడకుండా ఎప్పుడు ఆపాలో ఎట్లా తెలిసింది?"

"పడింది గదా అయ్యోరా. ఇనపడింది."

మాస్టారు రాడ్ తీసుకున్నాడు. ఈసారి కప్ప ఎన్నడూ పోనంత దూరం పోయింది. ఆయన ముఖం వెలిగిపోయింది. కప్ప నీళ్ళలో పడింది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు, చేతిలో చక్రం తిరుగుతూనే ఉంది. కిందికి చూసేసరికి మళ్ళీ పీచు.

"చూశావా, దూరం బాగా వచ్చింది. విసిరిన కోణం ఉంది చూడు, అది గనక నలభై ఐదు డిగ్రీలుంటే..."

"కప్ప పడిపోయినాక గూడా మీరు ఇంకా ఇసరతానే ఉండారు అయ్యోరా" అన్నాడు సాయిబు.

మాస్టారు ఏదో అనబోయాడు. చేతిలోని రీలు వంక చూశాడు. రాడ్ పట్టుకుని గట్టున కూర్చుండిపోయాడు. బడిలో గంట కొట్టాక కూడా పది నిమిషాలు పాఠం చెప్పి పిల్లల చేత తిట్లు తిన్న మనిషి, ఆ పూటంతా ఒక్క ప్రశ్న అడగలేదు. సాయిబు ఆయన వంక రెండుసార్లు అనుమానంగా చూశాడు.

ఆదివారం పొద్దున్నే చెంగయ్య వచ్చాడు. అన్నను చూసి ఒక్క క్షణం ఆగి, వచ్చి పక్కనే కూర్చున్నాడు. తమ్ముడి జుట్టు సగం నెరిసింది. ఇద్దరూ చాలాసేపు కప్పలు విసిరారు. మాస్టారి దారం రెండుసార్లు చిక్కుపడింది. రెండుసార్లూ చెంగయ్యే విప్పి ఇచ్చాడు.

రెండోసారి రాడ్ చేతికిస్తూ, నీళ్ళ వంక చూస్తూ అన్నాడు.

"ఇన్నేళ్ళు రాకండా ఉండుండకూడదు అన్నా. నాదే తప్పు."

మాస్టారి దగ్గర చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఆరేళ్ళుగా ఒక్కొక్కటే పోగుచేసి, వరస కూడా పెట్టుకున్నాడు. మొదటి మాట పెదవుల దాకా వచ్చింది. అప్పుడు ఆయన బొటనవేలు చక్రం మీద గట్టిగా ఆనింది.

"సరేలేరా" అన్నాడు.

ఇంకా ఏదో వస్తుందని చెంగయ్య తల వంచుకుని కాసేపు ఎదురుచూశాడు. ఏమీ రాలేదు. మెల్లగా తలెత్తి అన్న ముఖంలోకి చూశాడు.