నల్ల ఉన్నిలో పల్లేరుకాయలు

చిక్కన్న ఆ పొద్దున సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేచాడు. మర్నాడే పంచాయితీ. తీర్పు చెప్పాల్సింది తనే.

ఎన్నికలయ్యాక ఊరు రెండుగా చీలిపోయింది. నిచ్చెన గుర్తు వాళ్ళొకవైపు, తిరగలి గుర్తు వాళ్ళొకవైపు. ఒకరి గొర్రెల కాళ్ళు ఒకరు విరగ్గొట్టడం, ఒకరి గడ్డివాముకు ఒకరు నిప్పు పెట్టడం. ఎవరి ఆగడం ఎక్కువైతే వాళ్ళ మందలు ఏడాది పాటు ఊరి చెరువు బీడులో మేయకూడదని పెద్దలు తీర్మానించారు. మేత లేకపోతే మంద లేదు, మంద లేకపోతే ఇల్లే లేదు. ఆ ఎక్కువ ఎవరిదో చెప్పమని బీరప్ప తాతను అడిగితే, ఆయన తాపీగా "మా మనవడు చిక్కన్న చెప్తాడులే" అనేశాడు.

బీరప్ప తాత మామూలు మనిషి కాదండీ. గొంగళ్ళు నేస్తూ నేస్తూనే యోగి అయినవాడు. ఉన్నిలో ముళ్ళు ఏరేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. జపంలో ఉన్నాడని జనం దూరం నుంచే దణ్ణం పెట్టుకుని పోయేవాళ్ళు.

చిక్కన్న వచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. తన అన్న నిచ్చెన వైపు ఉన్నా తనకు పక్షపాతం లేదన్నాడు. ఆరు నెలలుగా అన్నీ గమనిస్తూనే ఉన్నానంటూ తిరగలి వాళ్ళ ఆగడాలు ఇరవై దాకా ఏకరువు పెట్టాడు. నిచ్చెన వాళ్ళవి ఆలోచించి ఆలోచించి రెండు చెప్పాడు.

తాత విని, రెండు బుట్టలు ముందుకు తోశాడు. ఒకదాంట్లో తెల్ల ఉన్ని, ఒకదాంట్లో నల్ల ఉన్ని.

"ముళ్ళు దేంట్లో ఎక్కువ?"

తెల్లదాంట్లో పల్లేరుకాయలు అన్నంలో రాళ్ళలా కనిపిస్తూనే ఉన్నాయి. నల్లదాంట్లో ఒకటీ అరా.

"తెల్లదాంట్లోనే తాతా. చూసేదేముంది?"

"కండ్లు మూసుకో. ఇప్పుడు చెప్పు."

చిక్కన్న కళ్ళు మూసుకుని నల్ల ఉన్నిలో చెయ్యి పెట్టాడు. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ గుచ్చుకుంటోంది. తాత ఇన్నేళ్ళుగా కళ్ళెందుకు మూసుకుంటున్నాడో అప్పుడు తెలిసింది.

గొంతు తగ్గించి, "అయితే రెండూ సమానమే తాతా. రేపు అదే చెప్తా" అన్నాడు.

తాత నవ్వాడు. "ఇందాక ఒక్క చూపు. ఇప్పుడు ఒక్క గుప్పెడు. బుట్ట అడుగు చూసినావా?"

చిక్కన్న ఏరడం మొదలుపెట్టాడు. ఎండ నడినెత్తికెక్కి, పడమటికి వాలింది. బుట్టలు ఖాళీ అయ్యాయి. ముళ్ళు రెండు కుప్పలయ్యాయి. ఆ కుప్పలు సమానంగా లేవు. ఏది పెద్దదని నన్నడక్కండి. అవి ఉన్నిలో ముళ్ళు. ఊళ్ళోవి ఇంకా ఎవరూ ఏరలేదు కదా.

అతను లేచాడు.

"యాడికి?" అన్నాడు తాత.

"మా అన్న ఇంటికి. ముందు అక్కడ ఏరాల. ఆనక అవతలి వీధి, గడప గడపా. పంచాయితీ నాలుగు రోజులు ఆపమంటా."

వేళ్ళ కొసలన్నీ రక్తపు చుక్కలు. కడుక్కుందామని నీళ్ళ కుండ వైపు వంగాడు. తాత కుండ మీద మూత పెట్టేశాడు.

"అప్పుడే కడుక్కోవద్దు."