నోరు చెక్కని బొమ్మ

తుల్జాబాయి బొమ్మ పని నోటి దగ్గర ఆగిపోయింది.

చీర అయింది. చీర మీద పూలు, ముక్కుపుడక, చేతిలో కంచు తాళాలు, అన్నీ అయ్యాయి. పల్చగా గీకిన మేకతోలు మీద నాగవేణి ఉలితో పొడిచిన ఒక్కో చిల్లులోంచీ వెలుతురు తొంగిచూస్తోంది. నోరు ఉండాల్సిన చోట మాత్రం ఉత్త తోలు. ఇక అక్కడికి ఉలి పోవడానికి వీల్లేదు.

తోలుబొమ్మకు కన్ను ఆఖరున తెరవాలి. బొమ్మలాడించే ఎంకోజీ తాత ఇంట్లో అది తాతల నాటి కట్టడి. కన్ను తెరిచాక బొమ్మకు ప్రాణం వచ్చినట్టే. ప్రాణమున్న ఒంటి మీద ఉలి పెట్టరు. వేణికి ఆ సంగతి తెలియక కాదు. తుల్జాబాయి చూపు ఒక్కసారి చూడాలనిపించింది, అంతే, ఆగలేకపోయింది. ఒక మధ్యాహ్నం కన్ను తెరిచేసింది. తుల్జాబాయి తోలులోంచి ఇటు చూసింది. వేణి తనివితీరా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాక గానీ గుర్తు రాలేదు, నోరింకా చెక్కలేదని.

ఊరూరా పాడిన మనిషి. ఆమె బొమ్మకు నోరు లేదు.

వేణి వాళ్ళది ధర్మవరంలో మగ్గం ఇల్లు. బొమ్మలాట వాళ్ళకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. చిన్నప్పుడెప్పుడో ఆటకు పోయినప్పుడు అశోకవనంలో సీత పాడిన పాట విని, ఆట అయిపోయాక కూడా ఇంటికి రానని మొండికేసింది. ఆ గొంతు తెర వెనక కూర్చున్న ఎంకోజీ భార్య తుల్జాబాయిదని తెలిశాక, ఎక్కడ ఆట ఉందంటే అక్కడికి పోవడం మొదలుపెట్టింది. పాటలన్నీ ఫోన్లో పట్టుకుంది. తోలు గీకడం, ఉలి పట్టడం ఎవరూ నేర్పకుండానే చెడగొట్టుకుంటూ నేర్చుకుంది. చివరికి ఒకరోజు ఎంకోజీ గడప ముందుకొచ్చి, శిష్యురాలిగా పెట్టుకోమని అడిగింది. ముసలాయన తల తిప్పుకున్నాడు. తుల్జాబాయే నవ్వి, అన్నం తిన్నావా మే అని లోపలికి పిలిచింది.

ఆమె దగ్గర నిండా ఒక చలికాలమైనా కూర్చోలేదు. వేసవికి ఆమె పోయింది.

ఎన్నో ఊళ్ళు ఆమె గొంతు విన్నాయి. ఆమె ముఖం మాత్రం ఏ ఊరూ చూడలేదు. తెర వెనక బతుకు అలాంటిది. వేణిని అదే తొలిచేసింది. ఆమెనే బొమ్మను చేస్తానని, ఏడాది తద్దినం నాటి ఆటలో తెర మీద నిలబెడతానని అందరి ముందూ అంది. అందులో ప్రేమ ఎంతుందో, నా చేత్తో ఆమెను మళ్ళీ బతికిస్తానన్న గొప్ప కూడా అంతే ఉంది.

ఇప్పుడు తద్దినం రేపో ఎల్లుండో అన్నట్టుంది. తుల్జాబాయి పోయినప్పటి నుంచీ ఎంకోజీ మేళం సీత పాట వచ్చే చోట ఉత్త మద్దెల వాయించి ముందుకు పోతోంది. చూసేవాళ్ళు గొణుగుతున్నారు. ఈసారి ఆటకైనా ఏదో ఒకటి కుదరాలి. అందరూ బొమ్మ ఏమైందని అడుగుతారు. ఎంకోజీ కోడలు సోనాబాయి అయితే అడగడం కూడా మానేసింది. ఆ పూట చేటలో బియ్యం చెరుగుతూ బొమ్మ వైపు చూసి అంది:

"మా అత్త బతికున్నన్నాళ్ళూ ఇంతసేపు నోరు మూసుకునిండ్లేదమ్మా."

వేణికి నవ్వొచ్చింది. బొమ్మను తీసుకుని నేరుగా తాత దగ్గరికి పోయింది.

ఆయన మద్దెలకు పూత పెడుతున్నాడు. వేణి జరిగింది దాచకుండా చెప్పింది. కన్ను ముందే తెరిచానంది, తప్పంది. ఒక్క గీత, సన్నగా, పెదవంత గీసుకోనివ్వమని బతిమాలింది. అది కుదరదంటే పాత బొమ్మల్ని సాగనంపినట్టు దీన్ని ఏట్లో వదిలేసి ఇంకొకటి మొదలుపెట్టాలి. ఆ మాట అంటూనే బొమ్మను గుండెకు హత్తుకుంది. ఆమెను మళ్ళీ ఇంకోసారి సాగనంపడం తన వల్ల కాదు.

"ఏం చెయ్యమంటావు తాతా?"

ఎంకోజీ చెయ్యి తుడుచుకుని బొమ్మను అందుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన దాని దగ్గరికే రాలేదు. ఇప్పుడు చాలాసేపు చూశాడు. బొటనవేలు చెంప మీదుగా వచ్చి నోటి చోట ఆగింది. కాసేపు అక్కడే ఉంది.

తర్వాత లేచి, వేణిని రమ్మని సైగ చేసి, బొమ్మతో సామాన్ల గదిలోకి నడిచాడు. ఆ గదిలో సాధన కోసం ఒక చిన్న తెర ఎప్పుడూ కట్టి ఉంటుంది. తలుపు మూశాడు. తెర వెనక బల్బు వేశాడు. బుట్టలోంచి సీతను తీసి వేణి చేతిలో పెట్టాడు.

తుల్జాబాయి బొమ్మను తెర అంచుకు తీసుకుపోయి, సీత వైపు తిప్పి, ఈతముల్లుతో గుచ్చాడు.

ఆటలో అలా ముల్లు గుచ్చి నిలబెట్టేది తన వంతు మాటలు లేని బొమ్మల్ని. సభలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు తెర మీద అట్లా నిలబడి ఉంటారు. వేణి అది ఎన్నోసార్లు చూసింది. ఇప్పుడు మాత్రం ఆయనకేమైందో అర్థం కాలేదు.

ఎంకోజీ మద్దెల తెచ్చుకుని కూర్చున్నాడు. సీత పాటకు ముందు వచ్చే వరస వాయించాడు. గొంతు ఎత్తుకోవాల్సిన చోట చెయ్యి ఆపాడు.



వేణి ఫోన్ తీసింది. పాట అందులో ఉంది. ఎంకోజీ ఆ ఫోన్ అందుకుని, తన వెనక గోడవారగా పెట్టాడు. మళ్ళీ అదే వరస వాయించాడు. మళ్ళీ అక్కడే ఆపాడు. తల వంచుకుని ఉన్నాడు. ఆయన ఎదురుచూసేది ఎవరి కోసమో వేణికి అప్పుడు తెలిసింది.

మూడోసారి మద్దెల ఆగినప్పుడు సీత చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"చెట్టులారా చూడరే, పొద్దువాలె, రాడాయె..."

వేణి గొంతు పలచగా వచ్చింది. రెండో చరణంలో చీలింది. చీలిన చోటు నుంచే ఎట్లాగో పట్టుకుని ముందుకు పోయింది. మద్దెల ఆమె కోసం నెమ్మదించింది. తెర అంచున తుల్జాబాయి కన్ను సీత మీద నుంచి కదల్లేదు.

చరణం మధ్యలో వేణి వల్ల కాలేదు. బొమ్మను దించి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు సీత చీర మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది.

"అవ్వ మాదిరి రాలేదు తాతా."

"రాదు మే. ఆమె పోయింది."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. వేళ్ళు ఊరికే మద్దెల అంచును నిమురుతున్నాయి.

"మరి ఆ నోరు..." అంది వేణి.

ఎంకోజీ తెర వైపు చూశాడు.

"శానా ఏండ్లు పాడింది. ఇంక విననీ."

మద్దెల మీద చెయ్యి వేశాడు.